బోనులో పుట్టిల్లు

మన స్త్రీవాద సాహిత్యం అత్తింటిని బోనెక్కించినంతగా పుట్టింటిని ఎక్కించలేదు. కట్నం, ఆరళ్లు, చాకిరీ, పడకగది... వీటన్నిటి మీదా దశాబ్దాలుగా కథలు రాశాం, కవితలు రాశాం, సెమినార్లు పెట్టాం. పుట్టిల్లు మాత్రం మన రాతల్లో చాలావరకు చల్లని నీడగానే మిగిలిపోయింది. అత్తింట్లో దెబ్బలు తిన్న కూతురు తలదాచుకునే చోటు. పండక్కి పిలుపొచ్చే చోటు. ఆ నీడ కిందే ఒక ఆడపిల్లని తాళం వేసి ఉంచగలరని మనకు తెలియక కాదు. ప్రేమించిన వాడు పరాయి కులం వాడైతే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. కానీ తెలిసిన ఆ విషయాన్ని కులం సమస్యగా రాశాం, పరువు సమస్యగా రాశాం. పుట్టింటి అధికారం సమస్యగా సూటిగా రాసింది తక్కువ.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన ఒక ఉత్తర్వు ఆ అధికారాన్ని నేరుగా పట్టుకుంది. అందులో ప్రేమించినది పరాయి కులం వాణ్ణి కాదు. ఇంకో అమ్మాయిని. బహుశా అందుకే మనవాళ్లు మాట్లాడలేదు. ఆ తరవాత నేను వెళ్లిన సాహిత్య సభల్లో ఈ కేసు ఊసు నాకు వినబడలేదు. నేనుగా ఎత్తితే రెండు రకాల జవాబులు వచ్చాయి. ఒకటి, "అది కోర్టులు చూసుకుంటాయిలెండి". రెండోది, "అది మన ఉద్యమం కాదు కదా". ఈ రెండు జవాబులతోనూ నాకు పేచీ ఉంది. దాని గురించే ఈ వ్యాసం.

ముందు కేసు. నిర్బంధించారని చెప్పిన ఇల్లు నర్సీపట్నంలో ఉంది. నేను రాస్తున్నది ఏటికొప్పాక నుంచి. రెండూ అనకాపల్లి జిల్లాలోవే. మా ఊళ్లో చాలామందికి అక్కడ చుట్టాలున్నారు, పనులున్నాయి. అందుకని ఇది నాకు అమరావతి కోర్టు వార్తలా కాక పక్కవీధి సంగతిలా వినబడింది.

పత్రికల్లో వచ్చిన వివరాలివి. ఇద్దరు మేజర్ యువతులు విజయవాడలో ఏడాదిగా కలిసి ఉంటున్నారు. ఒకామె కనబడకుండా పోయింది. రెండో ఆమె పోలీసులకు ఫిర్యాదు చేసింది. పోలీసులు వెతికితే ఆ అమ్మాయి తండ్రి ఇంట్లో దొరికింది. బయటికి తెచ్చారు. తెచ్చి ఏం చేశారు? తాను మేజర్‌నని, తన సహచరి దగ్గరికే వెళ్తానని ఆమె వేడుకుంటున్నా 15 రోజులు సంక్షేమ గృహంలో ఉంచారు. ఈ సంబంధం గురించి తల్లిదండ్రులు వేధిస్తున్నారని ఆమె సెప్టెంబరులో తండ్రి మీద ఫిర్యాదు కూడా ఇచ్చింది. పోలీసులు కలగజేసుకున్నాక విజయవాడ తిరిగొచ్చి ఉద్యోగానికి వెళ్లసాగింది. తండ్రి మళ్లీ వచ్చి బలవంతంగా తీసుకుపోయి నర్సీపట్నం ఇంట్లో నిర్బంధించాడని సహచరి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. తండ్రి వైపు నుంచి ఇంకో ఫిర్యాదు: మా అమ్మాయిని వీళ్లు కిడ్నాప్ చేశారని.

జస్టిస్ ఆర్. రఘునందన్ రావు, జస్టిస్ కె. మహేశ్వర రావు ధర్మాసనం ఆ అమ్మాయిని తమ ఎదుట హాజరుపరచమంది. ఆమె మేజర్, తన జీవితం గురించి తాను నిర్ణయించుకోగలదు, తల్లిదండ్రులు ఆ సంబంధంలో జోక్యం చేసుకోవద్దు అని చెప్పింది. ఆమె సహచరితో వెళ్లిపోయింది. వెళ్లనిస్తే తండ్రి మీద ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని ఆమె వైపు నుంచి చెప్పారు కనుక, కుటుంబం మీద క్రిమినల్ చర్యలు వద్దని కూడా కోర్టు అంది.

ఈ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దాని సంగతి తరవాత చెప్తాను.

ఈ వార్త మా ఊళ్లో చదివి వినిపిస్తే, నేను గౌరవించే ఒక పెద్దావిడ అడిగిన ప్రశ్న ఇది: "కన్నతండ్రి కూతుర్ని ఇంటికి తెచ్చుకుంటే దాన్ని కూడా నిర్బంధం అంటారేటమ్మా?" ఈ ప్రశ్నని వెక్కిరించకూడదు. మన సమాజం మొత్తం ఈ ప్రశ్న మీదే నిలబడి ఉంది. దానికి చట్టం జవాబు చాలా చిన్నది: ఆమెకి ఇష్టం లేకపోతే అంటారు. తాళం ఎవరిదన్నది చట్టానికి అనవసరం. లోపల ఉన్న మనిషి బయటికి రావాలనుకుంటోందా లేదా అన్నదొక్కటే ప్రశ్న.

హెబియస్ కార్పస్ అంటే తెలుగునాట మా తరానికి వెంటనే గుర్తొచ్చేది కన్నబిరాన్ గారు. పోలీసులు ఎత్తుకుపోయిన పిల్లల కోసం పౌరహక్కుల సంఘాలు కోర్టు తలుపు తట్టిన రోజులు. మా మనిషిని ప్రాణాలతో చూపించండి అని అడిగే పిటిషన్ అది. 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, సుప్రీంకోర్టు ఆ పిటిషన్లకే తలుపు మూసేసింది. ఆ తీర్పు తప్పని అదే కోర్టు సూటిగా చెప్పడానికి 2017 దాకా పట్టింది. అంటే ఈ రిట్ విలువ మనకి పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. రాజ్యం పట్టుకుపోయిన మనిషి కోసం తల్లి వేసే పిటిషన్‌గా దాన్ని అర్థం చేసుకున్నాం. ఇప్పుడు తండ్రి పట్టుకుపోయిన మనిషి కోసం ప్రియురాలు వేసింది. రిట్ అదే. ఒకప్పుడు మనం దాని వెనక నిలబడ్డాం. ఈసారి ఎందుకు నిలబడలేదు?

స్వలింగ ప్రేమికుల హక్కుల గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు కూడా చాలావరకు 377 సెక్షన్ కథ చెప్పి ఆపేస్తారు. ఆ కథ మనకి తెలిసిందే. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఇష్టపడిన వయోజనుల మధ్య సంబంధం నేరం కాదంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. వీళ్లు జనాభాలో అతి కొద్దిమంది, నూటయాభై ఏళ్లలో 200 మందిని కూడా ప్రాసిక్యూట్ చేయలేదు కదా అని లెక్క చెప్పింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ తప్పు దిద్దారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు.

మంచిదే. కానీ ఈ కథ ఎవరి కథ? 377 భయం పార్కుల్లో, బస్టాండుల్లో, పోలీసు లాఠీ ముందు నిలబడ్డ మగవాళ్లది, హిజ్రాలది. దాని కింద వాళ్లు పడ్డ హింసని తక్కువ చేయడం లేదు. అయితే ఆడవాళ్లని ఇళ్లలో ఉంచడానికి ఈ దేశంలో ఎవరికీ 377 అవసరం పడలేదు. తండ్రి చాలు. అన్న చాలు. పెళ్లి సంబంధం చాలు. మరీ ఇల్లు దాటి వెళ్లిపోతే స్టేషన్లో కిడ్నాప్ ఫిర్యాదు చాలు. 2018లో ఒక సెక్షన్ పోయింది. ఆడపిల్లల విషయంలో అసలు శిక్ష వేసే కోర్టు ఇంటి నడవాలో ఎప్పటిలాగే కొనసాగుతోంది. దానికి అప్పీలు లేదు, వాయిదా లేదు.

కిడ్నాప్ అనే మాట సంగతి చూడండి. మేజర్ అయిన కూతురు తనంత తాను వెళ్లిందని తండ్రి ఒప్పుకోడు. ఎవరో ఎత్తుకుపోవాలి. ఎందుకంటే ఆమె ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి మారే వస్తువు. తనంత తాను కదలగలిగితే వస్తువు కాదు కదా! కన్యాదానం అన్న మాటలో ఉన్న తర్కమే కిడ్నాప్ ఫిర్యాదులోనూ ఉంది. దానం చేసే హక్కున్న వాడికే పోయిందని ఫిర్యాదు చేసే హక్కు. పోలీసులు కూడా అదే తర్కంతో ఆమెని సంక్షేమ గృహంలో పెట్టారు. తండ్రి దగ్గర ఉండనంటోంది, భర్త లేడు. మరి ఎవరి ఖాతాలో రాయాలి? ఎవరి ఖాతాలోనూ లేని ఆడమనిషిని రాజ్యం తన ఖాతాలో రాసుకుంది. తనకి తాను సొంతం కావచ్చునన్న ఆలోచన ఆ 15 రోజుల్లో ఎవరికీ రాలేదు.

ఇదంతా స్త్రీవాదానికి బయటి విషయమా? ఇది మన మొదటి పాఠం కదా!

ఇంటి గడప దగ్గర రాజ్యాంగం ఆగిపోవాలా అన్న వాదన మన హైకోర్టుకి కొత్త కాదు. 1983 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి. ఎ. చౌదరి ఒక తీర్పు ఇచ్చారు. సరిత వర్సెస్ వెంకటసుబ్బయ్య. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద, వెళ్లిపోయిన భార్యని కాపురానికి రమ్మని భర్త కోర్టు డిక్రీ తెచ్చుకోవచ్చు. చట్టం భర్త మీద కూడా భార్యకి అదే హక్కు ఇస్తుంది, కాగితం మీద. జస్టిస్ చౌదరి ఆ కాగితం దాటి చూశారు. ఆ డిక్రీ అమలైతే ఎవరి శరీరం మీద అమలవుతుంది, ఎవరి గర్భం మీద అమలవుతుంది అని అడిగారు. అది స్త్రీ గోప్యతకీ గౌరవానికీ విరుద్ధం, 14, 21 అధికరణలకి విరుద్ధం అని ఆ సెక్షన్ని కొట్టేశారు. భారతదేశంలో ఇంటి లోపలికి రాజ్యాంగాన్ని అంత ధైర్యంగా తీసుకెళ్లిన తీర్పులు ఇప్పటికీ తక్కువే.

ఆ ఏడాదే ఢిల్లీ హైకోర్టు దానికి ఎదురు తీర్పు ఇచ్చింది. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడమంటే పింగాణీ సామాన్ల కొట్లోకి ఎద్దుని తోలడమేనన్నారు అక్కడి న్యాయమూర్తి. 1984లో సుప్రీంకోర్టు ఆ ఢిల్లీ వైపే మొగ్గింది. 9వ సెక్షన్ ఇప్పటికీ చట్టంలో ఉంది. పింగాణీ పోలిక నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. మా ఊళ్లో చేసేవి అంకుడు కర్ర బొమ్మలు. లక్క పట్టినవి. కింద పడితే దొర్లుతాయి తప్ప పగలవు. భార్యని డిక్రీతో, కూతుర్ని తాళంతో కాపాడుకుంటే తప్ప నిలబడనంత పెళుసైనదా కుటుంబం? అంత పెళుసైనదైతే అది ఎవరి శ్రమ మీద, ఎవరి మౌనం మీద ఇన్నాళ్లూ పగలకుండా ఉందో అడగాలి.

1983లో అత్తింటి ముందు నిలబడి అడిగిన ప్రశ్నని 2024లో అదే పేరు గల హైకోర్టు పుట్టింటి ముందు నిలబడి అడిగింది. ఆమె ఎక్కడ ఉండాలో చెప్పాల్సింది ఎవరు? రెండు కేసుల మధ్య నాలుగు దశాబ్దాలు. మధ్యలో వరకట్న వ్యతిరేక పోరాటాలు, సారా పోరాటం, గృహహింస చట్టం వచ్చాయి. 2005 నాటి ఆ గృహహింస చట్టం రక్తసంబంధీకుల హింసని కూడా హింస అనే అంటుంది. తండ్రి మీద కూతురు ఆశ్రయించవచ్చు. అయినా ఆ చట్టం అనగానే మన మనసులో మెదిలేది భార్యే. కూతుళ్లకి కూడా అది ఉందని మనమే ఎప్పుడూ గట్టిగా చెప్పలేదు.

ఇక "కోర్టులు చూసుకుంటాయిలెండి" అన్న మాట దగ్గరికి వద్దాం. దీనికి ఎదురుగా ఇంకో మాట కూడా ఉంది. సమాజం సిద్ధం కాకుండా కోర్టులు ముందుకి దూకకూడదు, ఇలాంటివి శాసనసభలకే వదలాలి అని. వినడానికి ప్రజాస్వామికంగానే ఉంటుంది. శాసనసభలకి వదిలితే ఏమవుతుందో హైదరాబాదుకి తెలుసు. నిజాం కాలంలో, ఫసలీ 1329లో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. నగరంలో వాళ్ల రిజిస్టరు పెట్టాలి. ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఎందుకు? పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం. చూశారా, అక్కడా కిడ్నాపే! నిజాం పోయాడు. హైదరాబాదు రాష్ట్రం పోయింది. ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఎన్నో శాసనసభలు మారాయి. ఆ చట్టాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వైజయంతి వసంత మొగిలి తదితరులు వేసిన పిటిషన్ మీద 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసేదాకా అది పుస్తకాల్లో బతికే ఉంది. వందేళ్లు దాటి. సమాజం సిద్ధమయ్యేదాకా ఆగమనేవాళ్లు ఇంకా ఎన్ని వందల ఏళ్లు అడుగుతారు?

రాజ్యాంగ నైతికత మనుషులకి పుట్టుకతో రాదు, సాధన చేసి అలవరచుకోవాలని 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ అన్నారు. మెజారిటీ నైతికత వేరు, రాజ్యాంగ నైతికత వేరు అని 2009లో ఢిల్లీ హైకోర్టూ, 2018లో సుప్రీంకోర్టూ ఆ మాట మీదే నిలబడి చెప్పాయి. మెజారిటీ ఓటుతో ఎప్పటికీ గెలవలేని మనిషికి కూడా దక్కాల్సినవి ఉంటాయి కాబట్టే ప్రాథమిక హక్కులనేవి ఉన్నాయి. నర్సీపట్నం ఇంట్లో ఉన్న ఆ అమ్మాయి విషయం ఊళ్లో ఓటుకి పెడితే ఫలితం ఏమయ్యేదో నాకూ తెలుసు, మీకూ తెలుసు.

అలాగని కోర్టుకి హారతి పట్టమని నేను చెప్పడం లేదు. మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు ఏం చేసిందో మరిచిపోగలిగిన స్త్రీ ఉద్యమం ఏదీ ఉండదు. 2013లో జనాభా లెక్క చెప్పిందీ, 2018లో దిద్దుకున్నదీ అదే కోర్టు. ఆడవాళ్లకి అది ఎప్పుడూ రెండు ముఖాలతోనే కనబడింది. ఏ ముఖం ఎప్పుడు కనబడిందన్నది చాలావరకు బయట మనం ఎంత గట్టిగా నిలబడ్డామన్న దాన్నిబట్టి ఉంది. మథుర తీర్పు మీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు, వీధుల్లోకి జనం వచ్చారు, 1983లో చట్టం మారింది. కోర్టులు చూసుకోలేదు. చూసేలా చేశాం.

ఈ కేసులోనూ కోర్టు చేసింది ఎంత, చేయనిది ఎంత అని లెక్క చూసుకోవాలి.

2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాల కేసు తేల్చింది. ఆ పిటిషనర్లలో మొదటి పేర్లు హైదరాబాదులో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్‌లవి. పెళ్లి చేసుకునే హక్కు రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుగా లేదని అయిదుగురు న్యాయమూర్తులూ అన్నారు. కనీసం సహజీవన బంధంగా గుర్తించాలన్నవాళ్లు ఇద్దరు, కుదరదన్నవాళ్లు ముగ్గురు. కలిసి బతకడాన్ని, ఎవరితో బతకాలో ఎంచుకోవడాన్ని మాత్రం ఎవరూ కాదనలేదు. రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టివేశారు.

అప్పుడు మనలో కొందరు స్త్రీవాదులే భుజాలు ఎగరేశారు. "పెళ్లి వ్యవస్థే పితృస్వామ్యం అని మనం ఇంతకాలం అంటుంటే వీళ్లు ఆ పంజరంలోకే వస్తామంటారేమిటి?" అని. ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం, పెళ్లిలోకి వెళ్లే, బయటికి వచ్చే రెండు దారులూ చట్టంలో తెరిచి ఉన్నవాళ్లు చెప్పగలిగే మాట. పెళ్లిని విమర్శించే నేను ఆస్పత్రిలో పడితే ఆపరేషన్ కాగితం మీద సంతకానికి ఎవర్ని పిలవాలో చట్టానికి తెలుసు. విజయవాడ యువతికి అలా పిలవదగ్గ మనిషిగా చట్టానికి తెలిసినది, ఆమెని బంధించాడని ఆరోపణ ఎదుర్కొన్న తండ్రే. కోర్టుకి వెళ్లిన సహచరికి ఏ హోదా ఉంది? భార్య కాదు, చుట్టం కాదు. పిటిషనర్, అంతే. 2024లో కేంద్రం ఒకటి రెండు సవరింపులు చేసింది. రేషన్ కార్డు విషయంలో అలాంటి జంటని ఒకే కుటుంబంగా చూడవచ్చు, బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవవచ్చు, నామినీగా పెట్టుకోవచ్చు అని. బియ్యం దగ్గర కుటుంబం, మిగతా చాలాచోట్ల పరాయివాళ్లు!

ఇదే నేను చెప్పదలచిన అసలు తేడా. "ఆమెని వదిలేయండి" అని చెప్పడం కోర్టులకి వచ్చింది. "ఈమె ఆమె మనిషి" అని చెప్పడం ఇంకా రాలేదు. 2025 మేలో మదరాసు హైకోర్టు ఇలాంటి కేసులోనే ఒక అడుగు వేసింది. పెళ్లి ఒక్కటే కుటుంబానికి దారి కాదు, ఎంచుకున్న కుటుంబం అనే భావన ఉంది అంది. 2025 జూన్‌లో మన హైకోర్టు, పిల్లల్ని కనలేదన్న కారణంతో ట్రాన్స్ మహిళని స్త్రీ కాదనడం కుదరదని, 498ఎ రక్షణ ఆమెకీ ఉంటుందని చెప్పింది. గర్భసంచితో స్త్రీని కొలవొద్దని మనం ఎన్నేళ్లుగా అంటున్నామో గుర్తు చేసుకోండి. కోర్టుల్లో అక్కడక్కడా మన మాటలే వినబడుతున్నాయి. మనమే అక్కడ లేము.

ఇప్పుడు నేను ఆగిపోయిన ఆ వాక్యం. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను, నన్ను వెళ్లనివ్వండి. ఇది ఆమె ఇష్టపూర్వకంగా అన్న మాటే కావచ్చు. కన్నవాళ్లని జైలుకి పంపాలని ఏ కూతురికి ఉంటుంది? కానీ నాకు ఇందులో బాగా పాత బేరం ఒకటి వినబడుతోంది. అత్తింటి కేసుల్లో రాజీ బల్లల దగ్గర ఇది రోజూ చూస్తాం. 498ఎ తీసేసుకో, నీ సామాన్లు నీకిస్తాం. పుట్టింటి దగ్గర సామాన్ల బదులు మనిషే. మేజర్ అయిన స్త్రీ తన ఇష్టప్రకారం నడిచి వెళ్లడానికి 21వ అధికరణ ఒక్కటి సరిపోవాలి. దానికి తోడు తన గాయాన్ని చెల్లగొట్టే పనిలేదు. ఉత్తర్వుని మెచ్చుకుంటూనే ఈ మాట అనగలిగితేనే మనం కోర్టుతో మాట్లాడినట్టు. లేకపోతే చప్పట్లు కొట్టినట్టే.

రెండో జవాబు మిగిలింది. ఇది మన ఉద్యమం కాదని. దీని వెనక సాధారణంగా ఇంకోటి ఉంటుంది: ఇదంతా పట్నాల వ్యవహారం, ఇంగ్లీషు చదువుల వ్యవహారం, పల్లెటూరి ఆడవాళ్ల అసలు సమస్యలు వేరే అని. పల్లెటూళ్లోనే ఉన్నదాన్ని కనుక ఈ మాట నాకు తొందరగా కోపం తెప్పిస్తుంది. నా చిన్నతనంలో మా చుట్టుపక్కల ఇద్దరు అమ్మాయిలు కలిసి పనికి వెళ్లేవారు, కలిసి వచ్చేవారు, ఒకే కంచంలో తినేవారు. ఒకామె సంబంధాలన్నీ వద్దంటోందని పెద్దవాళ్లు కూర్చున్నారు. నెల తిరక్కుండా దూరపు ఊరికి ఇచ్చి చేసేశారు. రెండో ఆమె పెళ్లి చేసుకోలేదు. పిచ్చిది అన్నారు. వాళ్ల మధ్య ఉన్నదానికి పేరు లేదు, అది నిజం. కానీ అది ఏమిటో ఊరికి తెలియదనుకోకండి. తెలుసు కాబట్టే పెళ్లి అంత తొందరగా చేశారు. పేరు పట్నం నుంచి వచ్చి ఉండవచ్చు. ఆ కంచం మాత్రం ఇక్కడిదే.

మా ఊరి బొమ్మల్లో పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఎప్పుడూ జతగానే అమ్ముడుపోతారు. బొమ్మలకి అది సరే. నర్సీపట్నంలో ఉన్నది బొమ్మ కాదు కదా. ఆమె ఉద్యోగం చేసుకుంటూ, అద్దె కట్టుకుంటూ, స్టేషన్‌కి వెళ్లి సొంత తండ్రి మీద ఫిర్యాదు రాసిచ్చిన మనిషి. ఆడపిల్లలు ఆర్థికంగా తమ కాళ్ల మీద నిలబడాలని మనం చెప్పాం. నిలబడింది. మౌనంగా భరించవద్దని చెప్పాం. భరించలేదు. నీ శరీరం నీదని చెప్పాం. నమ్మింది. మనం చెప్పినవన్నీ చేసిన అమ్మాయిని చూసి, ఈమె మన ఉద్యమం కాదంటే, మరి మనం చెప్పింది ఎవరికి?

ఈ కేసు గెలవడానికి ఒక్క కారణం ఉంది. బయట ఒక సహచరి ఉంది. ఆమెకి లాయరు దొరికాడు. ఫిర్యాదు, సంక్షేమ గృహం, మళ్లీ నిర్బంధం, ఇవన్నీ దాటి హైకోర్టు దాకా వెళ్లే ఓపిక ఉంది. బయట ఎవరూ లేని అమ్మాయి కోసం ఎవరు పిటిషన్ వేస్తారు? ఆ తలుపు వెనక ఆమె ఉందని ఎవరికి తెలుస్తుంది? అక్కడే మన పని ఉంది.

ఆ పనికి కావలసిన ఆయుధం కొంత ఇప్పటికే చేతిలో ఉంది. 2024 మార్చి 11న, కేరళ నుంచి వచ్చిన దేవు నాయర్ కేసులో సుప్రీంకోర్టు అన్ని హైకోర్టులకూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇలాంటి హెబియస్ కార్పస్ పిటిషన్లు ముందు వినాలి. పిటిషనర్‌కీ ఆ మనిషికీ సంబంధం ఏమిటని తవ్వకూడదు. నిర్బంధంలో ఉన్న మనిషితో కుటుంబం, పోలీసులు పక్కన లేకుండా విడిగా మాట్లాడి ఆమె కోరిక తెలుసుకోవాలి. కౌన్సెలింగ్ పేరుతో ఆమె మనసు మార్చే ప్రయత్నం చేయకూడదు. మేజర్ అని తేలి, వెళ్తానంటే వెంటనే వదిలేయాలి. ఆ కేసులో అమ్మాయి తల్లిదండ్రుల దగ్గరే ఉంటానంది, కోర్టు ఆ మాటనే గౌరవించింది. అది కూడా ముఖ్యమే. అడగడం అంటే మనకి నచ్చిన జవాబు కోసం అడగడం కాదు.

ఇవి హైకోర్టులకి చెప్పిన మాటలు. విజయవాడలో ఆ 15 రోజుల సంక్షేమ గృహం నాటికి ఈ తీర్పు వచ్చి నెలలు గడిచాయి. మన మహిళా సంఘాలు, మన విశ్వవిద్యాలయాల్లోని మహిళా అధ్యయన కేంద్రాలు ఈ మార్గదర్శకాల్ని తెలుగులో అచ్చువేసి స్టేషన్లకీ, సఖి కేంద్రాలకీ, శక్తి సదన్ గృహాలకీ, జూనియర్ కాలేజీ హాస్టళ్లకీ పంచవచ్చు. మేజర్ అయిన స్త్రీని ఆమె ఒప్పుకోకుండా సంక్షేమ గృహంలో ఉంచడం కూడా నిర్బంధమేనని రాష్ట్ర మహిళా కమిషన్‌ని అడిగి రాతపూర్వకంగా చెప్పించవచ్చు. రక్తసంబంధీకుల మీద కూడా గృహహింస చట్టం పనిచేస్తుందని కూతుళ్లకి చెప్పవచ్చు. ఈ జంటలకి చట్టంలో కుటుంబ హోదా కావాలని, పెళ్లి మీద మన విమర్శని వదులుకోకుండానే అడగవచ్చు. పెళ్లి ఒక్కటే కుటుంబం కాకూడదన్నది మన పాత కోరికే కదా!

ఇక రాసేవాళ్లం చేయాల్సింది ఇంకోటి ఉంది. అది ఏ కోర్టూ చేసిపెట్టదు. పుట్టింటి గురించి మళ్లీ రాయాలి. ఈసారి పండగ పిలుపు గురించి, అమ్మ చేతి ముద్ద గురించి కాదు. కూతురు ఎవర్ని ప్రేమిస్తే ఆ ముద్ద ఆగిపోతుందో, తలుపు ఏ క్షణంలో మూసుకుంటుందో, ఆ తాళం చెవి ఎవరి మొలతాడుకి వేలాడుతుందో, అమ్మ ఎందుకు కాపలా కూర్చుంటుందో రాయాలి. అత్తింటిని బోనెక్కించినప్పుడు కుటుంబాలు కూల్చేస్తున్నారన్నారు. ఇప్పుడూ అంటారు. అననివ్వండి. ఇంటి లోపల ఉన్న స్త్రీని నీకేం కావాలి అని అడిగినందుకు కూలిపోయే కుటుంబం ఏదైనా ఉంటే, దాని కోసం ఏడ్చే తీరిక మనకి లేదు.